తొమ్మిదిన్నర కాల్

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ సంగతి న్యూయార్క్‌లో కొందరు మర్చిపోతారేమో గానీ మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగులెవరూ మర్చిపోరు. వేసవంతా రాత్రి ఎనిమిదిన్నరకు ఉన్న క్లయింట్ కాల్ మర్నాటి నుంచి తొమ్మిదిన్నరకు జరుగుతుంది. మళ్లీ మార్చి దాకా అంతే. క్లయింటుకు మాత్రం ఎప్పుడూ పొద్దున పదకొండే.

ఆరేళ్లు ఆ కాల్స్‌లో కూర్చున్నాను. నడిచేది నలభై నిమిషాలు, నేను నోరు విప్పేది రెండు నిమిషాలు. కానీ దానికోసం ఏడింటి నుంచే సాయంత్రం చేతిలో ఉండదు. ముందే తినేయాలా, అయ్యాక తినాలా? పాపను పడుకోబెడుతుంటే కథ మధ్యలో లేవాలి. ఒక్కోసారి అంతా సర్దుకుని కూర్చున్నాక, తొమ్మిదీ ఇరవై అయిదుకు 'ఈ రోజు కాల్ లేదు' అని మెసేజ్ వచ్చేది. ఒళ్లు మండేది అప్పుడే. పని లేనందుకు సంతోషించాలి కదా? ఎవరూ సంతోషించేవాళ్లు కాదు.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. నాకంటే ఎక్కువ గంటలే పనిచేశారు, నైట్ హాల్టులు కూడా. అయితే డ్యూటీ చార్టు ముందే తెలిసేది. డిపోలో క్యాష్ కట్టేశాక ఆ రోజుకు ఆయన్ని ఎవరూ పిలిచేవాళ్లు కాదు. ఉద్యోగాన్ని తిట్టుకోవడం నేను పెద్దగా వినలేదు.

మన దగ్గర చర్చంతా గంటల లెక్క మీదే ఆగిపోయింది. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 అన్న వీడియో బయటికొచ్చింది. అదే ఏడాది జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనిని అనుమతించింది, సాధారణ పనికి వారానికి 48 గంటల పరిమితి ఉంచుతూనే. గంటలు ముఖ్యం కాదని కాదు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లోనే చెప్పాయి. కానీ ఉద్యోగం మీద మనసు విరిగేది గంటలు పెరిగినందుకంటే, ఆ గంటల మీద మన మాట చెల్లనందుకే ఎక్కువని నా అభిప్రాయం.

చైనా ట్రావెల్ కంపెనీ ట్రిప్‌డాట్‌కామ్‌లో జరిగిన ప్రయోగం నాకు ఇందుకే నచ్చింది. 1,612 మందిలో పుట్టినతేదీ బేసి సంఖ్య అయినవాళ్లకు బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి పనిచేసే వీలిచ్చారు, మిగతావాళ్లు రోజూ ఆఫీసుకే. పని తగ్గించలేదు, జీతం పెంచలేదు. రాజీనామాలు మాత్రం మూడో వంతు తగ్గాయి. పనితీరు రేటింగుల్లో, ప్రమోషన్లలో తేడా రాలేదు. ఉత్పాదకత పడిపోతుందని మొదట్లో అనుకున్న మేనేజర్లు చివరికి అభిప్రాయం మార్చుకున్నారు. 2024లో ఇది నేచర్ పత్రికలో వచ్చింది.

రాజీనామా చేసేవాళ్లు లెక్కకు అందుతారు. చేయనివాళ్ల సంగతే ఎవరికీ కనపడదు. ఫ్లాట్ ఈఎంఐ ఉంటుంది, నోటీసు పీరియడ్ 90 రోజులు. ఎక్కడికి పోతాడు? సీట్లోనే ఉంటాడు. మా టైమ్‌షీట్‌లో రోజుకు ఎనిమిది గంటలు దాటి నింపితే ఎర్ర గీత వచ్చి సేవ్ అయ్యేది కాదు. అంటే రాత్రి కాల్స్ కాగితం మీద జరగనే లేదు. ఇది అర్థమైన కొత్తలో కోపం వస్తుంది, తర్వాత కోపం కూడా రాదు. పక్కవాడి కోడ్‌లో తప్పు కనిపిస్తుంది. ఒకప్పుడైతే లేచి వెళ్లి చెప్పేవాణ్ని. ఇప్పుడు 'మన టికెట్, అంటే మనకు అప్పగించిన పని, కాదులే' అనిపిస్తుంది. ఏ డాష్‌బోర్డూ దీన్ని పట్టుకోలేదు.

ఆడవాళ్లకు ఇదే కాల్ ఇంకా ఖరీదు. కేంద్ర ప్రభుత్వం చేసిన 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతంలేని ఇంటి పనికి రోజుకు ఆడవాళ్లు 289 నిమిషాలు పెడితే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88. మా టీమ్‌లో ఒకావిడ ఎప్పుడూ కెమెరా ఆఫ్ చేసి ఉండేది. ఆసక్తి లేదని అప్రైజల్‌లో రాశారు. ఆవిడ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని అత్తగారికి చపాతీలు చేస్తుండేదని మాకందరికీ తెలుసు, మేనేజరుకు తప్ప. ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి డ్యూటీ అయ్యాక వచ్చే ఫోన్‌కు, కాదనడం అసమంజసం కానంతవరకు, బదులివ్వకుండా ఉండే హక్కు ఉంది. అలాంటిదే ఇక్కడ ఎంపీ సుప్రియా సూలే 2018లో లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లుగా పెట్టారు, చట్టం కాలేదు. అయినా కాల్ లేదన్న మెసేజ్ సాయంత్రం ఆరింటికే పెట్టడానికి చట్టం దేనికి? రాత్రి కాల్ ఉన్నవాణ్ని మర్నాడు పదకొండుకు రమ్మనడానికి పార్లమెంటు దేనికి?

నేను మానేసిన రోజు ఎగ్జిట్ ఫారం నింపమన్నారు. కారణం దగ్గర బాణం గుర్తు నొక్కితే జీతం, పై చదువులు, పెళ్లి, వేరే ఊరు, మెరుగైన అవకాశం అని వరసగా వచ్చాయి. తొమ్మిదిన్నర కాల్ అందులో లేదు. మెరుగైన అవకాశం అని పెట్టాను. హెచ్‌ఆర్ అమ్మాయి స్క్రీన్ చూసి "ఆల్ ద బెస్ట్ అండీ" అంది.