క్లిమ్ట్ బంగారం సరే, ఆ చెట్ల సంగతేంటి?

ఆస్ట్రియా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ మీద మీరు వేసిన వ్యాసం బాగుంది. కాకపోతే మొదటి నుంచి చివరిదాకా బంగారు రేకులద్దిన ‘ముద్దు’ చిత్రం చుట్టూనే తిరిగింది. తండ్రి బంగారు నగిషీ పనివాడు కాబట్టి కొడుక్కి ఆ మెరుపు అబ్బిందని తేల్చేశారు. అంత తేలిగ్గా ఎలా అండీ? 1901లో ఆయన వేసిన ‘జుడిత్’ చిత్రంలోనే బంగారం ఉంది, నిజమే. కానీ 1903లో ఇటలీలోని రావెన్నా వెళ్లి అక్కడి చర్చిల్లో బైజాంటిన్ కాలపు మొజాయిక్‌లు, అంటే చిన్న చిన్న రంగుముక్కలు పొదిగి చేసిన బొమ్మలు, చూసొచ్చాకే అది మనిషి ఒంటినీ, బట్టనీ, వెనకగోడనీ ఏకం చేసేంతగా పరుచుకుంది. 1907లో అడేలె బ్లాక్-బావర్ అనే ఆవిడను చూసి వేసిన బొమ్మలో కుర్చీ ఎక్కడ మొదలైందో, చీరలాంటి ఆ గౌను ఎక్కడ ఆగిందో వెతుక్కోవాల్సిందే.

వియన్నా విశ్వవిద్యాలయం గొడవని ఒక్క వాక్యంలో దాటేశారు. ప్రభుత్వం అక్కడి పైకప్పు కోసం వేయించిన ‘తత్వశాస్త్రం’, ‘వైద్యం’, ‘న్యాయశాస్త్రం’ చిత్రాల మీద ఆచార్యులే సంతకాలు పెట్టి మరీ విరుచుకుపడ్డారు. క్లిమ్ట్ 1905లో తీసుకున్న సొమ్ము తిరిగిచ్చేసి బొమ్మలు వెనక్కి తెచ్చుకున్నాడు. ప్రభుత్వంతో పెట్టుకోవడమంటే మాటలా! 1945లో ఆస్ట్రియాలోని ఇమ్మెన్‌డార్ఫ్ కోటలో అవి తగలబడిపోయాయి.

నాకైతే వేసవుల్లో ఆస్ట్రియాలోని అట్టర్‌సే సరస్సు దగ్గర ఆయన వేసిన ప్రకృతి చిత్రాలే ఎక్కువ ఇష్టం. అట్టముక్కలో చతురస్రంగా రంధ్రం కోసి, అందులోంచి చూసి దృశ్యం ఎంచుకునేవాడు. కాన్వాసు కూడా చతురస్రమే. 1902లో వేసిన బీచ్ చెట్ల (సముద్రతీరం కాదు, యూరప్‌లో పెరిగే ఒక రకం చెట్టు) అడవి బొమ్మలో మనుషులు లేరు, ఆకాశం పిసరంత, నేలంతా ఎర్రటి ఆకుల చుక్కలు. రెండో భాగం రాస్తే వీటికి కాస్త చోటివ్వండి.