బోలు కొమ్మకి వేరు రాదు

డాలియా కొమ్మ గుచ్చి కొత్త మొక్క పెంచడం గురించి వచ్చిన వ్యాసంలో పూలు పూసే కొమ్మనే జానెడు కత్తిరించి గుచ్చమన్నారు. డాలియాకి అది కుదరదండీ. ముదిరిన కొమ్మ లోపల బోలుగా ఉంటుంది, వేరు పట్టకముందే కుళ్లిపోతుంది. దుంప మీద కొత్తగా లేచిన మూడు నాలుగు అంగుళాల పిలకలే తీసుకోవాలి. కొత్త బ్లేడుతో కణుపుకి సరిగ్గా కింద కోయండి. కోసినచోట మధ్యలో రంధ్రం కనిపిస్తే పారేయడమే. కింది ఆకులు తీసేసి పైన రెండు జతలు ఉంచితే చాలు.

ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) సమపాళ్లలో కలిపి, కనీసం ఒక కణుపు లోపలికి పోయేలా గుచ్చాలి. వచ్చే ఏడాది మొలకెత్తే కళ్లు ఆ కణుపు దగ్గరే ఏర్పడతాయి. చాలామంది పట్టించుకోనిది ఇదే. ఎరువు ఇప్పుడే వద్దు.

మన మైదాన ప్రాంతాల్లో వానలు తగ్గుతుండగా, సెప్టెంబరు చివర పెడితే చలికాలం పూలకి అందుతుంది. నీడలో ఉంచి ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే సరి. మొదటి రెండు మూడు రోజులు ఆకులు వాలిపోతాయి. కంగారుపడి కుండీని నీళ్లతో నింపేయకండి, ఎక్కువ కొమ్మలు చచ్చేది అక్కడే. రెండు మూడు వారాలకి మెల్లగా లాగి చూడండి, కదలకపోతే వేరు పట్టినట్టే. కుండీ మార్చాక నాలుగు జతల ఆకులు రాగానే తల తుంచేయండి, పక్క కొమ్మలు వేస్తుంది.