సవరణ: నిద్ర చాలకపోతే జలుబు చేస్తుందా?

నిన్నటి పోస్టులో "రాత్రి నిద్ర చాలకపోతే తెల్లారేసరికి జలుబు చేస్తుంది" అని ఉంది. జలుబు తెచ్చేది వైరస్. నిద్రలేమి దానికి దారి ఇస్తుందంతే.

2015లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 164 మంది ఆరోగ్యవంతుల మణికట్టుకు వాచీ లాంటి పరికరం కట్టి, వారం పాటు నిద్ర లెక్కించారు. తర్వాత ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి, హోటల్లో ఉంచి, చీది పడేసిన టిష్యూలను తూకం వేశారు (ఆ పని ఎవరి నెత్తిన పడిందో పాపం!). ఏడు గంటలకు పైగా నిద్రపోయినవాళ్లతో పోలిస్తే, ఆరు గంటల కన్నా తక్కువ నిద్రపోయినవాళ్లకు జలుబు చేసే అవకాశం సుమారు 4 రెట్లు కనిపించింది. టెన్షన్, వయసు వగైరా లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు.

అయితే అది వారం రోజుల లెక్క. ఒక్క రాత్రి సెకండ్ షోకి వెళ్లొచ్చినవాళ్లు కంగారు పడక్కర్లేదు.