‘ఆడుతూ సంపాదించండి’ మెసేజ్‌లో నిజమెంత? రూన్‌స్కేప్ ఆడేవాడి జవాబు

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం అంతటా తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం చుట్టాల ఫోన్లకూ చేరింది. ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ అనే ఆన్‌లైన్ ఆటను ఆకాశానికెత్తే మెసేజ్ అది. అందులోని మాటలు క్లుప్తంగా ఇవి: ఆట మొత్తం ఉచితం, రూపాయి పెట్టనవసరం లేదు. పాత ఫోనైనా చాలు, నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. పిల్లల చేతికిస్తే ఇంగ్లీషు దానంతట అదే వస్తుంది. రోజుకు రెండు గంటలు ఆడితే నెల తిరిగేసరికి జీతమంత డబ్బు. చివరగా, కేంద్రం తెచ్చిన కొత్త చట్టంతో ఈ ఆట త్వరలో ఆగిపోతుంది కాబట్టి కింది లింకు నొక్కి ఇప్పుడే చేరండి.

ఈ ఆట నేను ఆడతాను, ఇష్టంగానే ఆడతాను. ఆ మెసేజ్ చూస్తే ఒళ్లు మండడానికి కారణం కూడా అదే. ఉన్న గుణాలు చెప్పకుండా లేనివన్నీ అంటగట్టారు.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. రూన్‌స్కేప్ 2001 జనవరిలో మొదలైంది. ఆండ్రూ గవర్, అతని సోదరుడు పాల్ తయారుచేశారు. నడిపేది ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి నగరానికి చెందిన జాగెక్స్ కంపెనీ. ఏళ్లు గడిచేకొద్దీ ఆట రూపు మారిపోయిందని పాత ఆటగాళ్లు గోల పెడితే, కంపెనీ తన దగ్గరున్న 2007 ఆగస్టు నాటి ప్రతిని బయటికి తీసి ఓటింగ్ పెట్టింది. నాలుగు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. అలా 2013 ఫిబ్రవరిలో ‘ఓల్డ్ స్కూల్’ వేరే ఆటగా పుట్టింది. కత్తులు, మంత్రాలు, డ్రాగన్లు, గాబ్లిన్లు ఉన్న ఊహాలోకం. మన పాత్రను మనం తయారుచేసుకుని, ఒక్కో విద్యా నేర్చుకుంటూ తిరగాలి. 2018 అక్టోబరులో ఫోన్లలోకి వచ్చింది. ఇక మెసేజ్‌లోని మాటలు చూద్దాం.

‘ఆట మొత్తం ఉచితం’

కాదు. కొంత భాగమే ఉచితం. 2015 ఫిబ్రవరి వరకు ఓల్డ్ స్కూల్‌లో ఆ భాగం కూడా లేదు, డబ్బు కట్టిన సభ్యులే ఆడేవారు.

ఇప్పుడు ఉచిత ఖాతాకు దక్కేవి 15 విద్యలు. కట్టెలు కొట్టడం, చేపలు పట్టడం, వంట, గని తవ్వకం, కమ్మరం, విలువిద్య, మంత్రవిద్య లాంటివి. సేద్యం, వేట, ఇల్లు కట్టడం, మూలికలతో మందులు చేయడం, చివరికి దొంగతనం కూడా డబ్బు కట్టినవారికే. ఫాలడోర్ అనే పట్టణం దాటి పడమరగా నడిస్తే టావర్లీ వెళ్లే దారిలో ఒక గేటు వస్తుంది. ఉచిత ఖాతాతో దాన్ని ఎంత నొక్కినా తెరుచుకోదు. అవతల ఉన్నది ఇవతల ఉన్నదాని కంటే చాలా పెద్దది. సంత లాంటి గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌లో సభ్యుడు ఒకేసారి ఎనిమిది బేరాలు పెట్టుకోవచ్చు, ఉచితంగా ఆడేవాడికి మూడే.

అయితే ఆ ఉచిత భాగం తీసిపారేసేది కాదు. మొదటి క్వెస్టుల్లో, అంటే ఆట మనకు అప్పగించే పనుల్లో, ఒకటి చెబుతాను. లంబ్రిడ్జ్ కోటలో వంటవాడు కంగారుగా నిలబడి ఉంటాడు. దొరగారి పుట్టినరోజుకు కేకు చేయాలి, సరుకులు లేవు. కోడిగుడ్డు, బకెట్ పాలు, కుండెడు పిండి తెచ్చిపెట్టాలి. పిండి కొనకుండా మనమే ఆడించుకోవాలంటే పని ఉంది. చేలోకి వెళ్లి గోధుమ కోసి, గాలిమర పైఅంతస్తు ఎక్కి తొట్టిలో (ఆటలో దాని పేరు హాపర్) పోసి, మీట లాగి, మళ్లీ కిందికి దిగి కుండలో పట్టుకోవాలి. ఎవరేం చెప్పారో చదవాలి, వెతకాలి. ఈ కాలపు ఫోను ఆటల్లో ఇంత ఓపికగా అల్లిన పని అరుదు. అలా మొదలై చివరికి క్రాండర్ దీవిలో ఎల్వార్గ్ అనే డ్రాగన్‌ను చంపేదాకా పైసా ఇవ్వకుండా వెళ్లవచ్చు. ఒక ఆటకు ఇది చాలదా? చాలు. మెసేజ్ రాసినవాడికే చాలలేదు.

దీనికి వెంటనే వచ్చే ఎదురుమాట నాకు తెలుసు. ‘ఆటలో సంపాదించిన బంగారంతోనే సభ్యత్వం కొనుక్కోవచ్చు కదా?’ కొనుక్కోవచ్చు. దాన్ని బాండు అంటారు. ఒక బాండు 14 రోజుల సభ్యత్వం ఇస్తుంది, ఆటలో దాని వెల కోటి నాణేలు దాటింది. కొత్త ఉచిత ఖాతా గంటకు లక్ష నాణేలు తెస్తుందనుకుందాం. అది ఉదారంగా వేసిన లెక్క. అప్పుడు కూడా రెండు వారాల సభ్యత్వానికి వంద గంటలకు పైగా చాకిరీ. ఇంకో సంగతి, సంతలో కనిపించే ప్రతి బాండునూ ముందు ఎవరో ఒకరు అసలు డబ్బు పోసి కొన్నారు. మీకు ఉచితమైనది వేరొకరి జేబులోంచి వచ్చింది. నేరుగా కట్టాలంటే నెల సభ్యత్వం అమెరికా ధర పది డాలర్లు దాటి చాలా కాలమైంది.

‘పాత ఫోను చాలు, నెట్ అవసరం లేదు’

సగం నిజం. బొమ్మలు 2007 నాటివి కాబట్టి పాత ఫోను సరిపోతుంది. డేటా కూడా తక్కువే తింటుంది. సర్వర్ ప్రతి 0.6 సెకనుకు ఒకసారి లెక్క చూసుకుంటుంది, మీరు ఎంత వేగంగా నొక్కినా పని ఆ తాళానికే జరుగుతుంది. కాల్పుల ఆటల్లో అరక్షణం ఆలస్యమైతే ప్రాణం పోతుంది. ఇక్కడ చేపలు పట్టేవాడికి ఆ ఆలస్యం తెలియను కూడా తెలియదు. మోహన, ఆర్.ఉదయగిరి కొండల వైపు ఒక గీత సిగ్నల్‌తో నెట్టుకొచ్చేవారికి ఇంతకంటే అనువైన ఆన్‌లైన్ ఆట నాకు తెలియదు.

నెట్ లేకపోతే మాత్రం లాగిన్ స్క్రీన్ దాటరు. ఇంకా చెడ్డది, పోట్లాట మధ్యలో సిగ్నల్ పోతే మీ పాత్ర వెంటనే మాయం కాదు. మీరు కొండ మలుపులో బస్సులో ఫోను పైకెత్తి పట్టుకుని ఉంటారు, అది అక్కడ నిలబడి దెబ్బలు తింటుంది. మామూలు చోట చస్తే సామాను సమాధి దగ్గర 15 నిమిషాలు ఉంటుంది, వెళ్లి తెచ్చుకోవచ్చు. వైల్డర్నెస్ అనే ప్రాంతంలో వేరే ఆటగాడి చేతిలో చస్తే మీ సామానులో చాలా భాగం అతనిది.

‘పిల్లల చేతికిచ్చి వదిలేయండి, ఇంగ్లీషు వస్తుంది’

ఈ మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, బజారులో రెండూ కలిసిన మాట. మా పిల్లలకు ఇంగ్లీషు చదవాల్సిన అవసరం తెచ్చిపెట్టేది ఏదైనా కాస్త ఉపయోగమే. ఈ ఆటలో తెలుగు లేదు, ఒడియా లేదు. వంటవాడి గోడు చదివి అర్థం చేసుకుంటే గానీ గాలిమర దాకా వెళ్లలేరు. మా అక్క కొడుకు ‘మామయ్యా, హాపర్ అంటే ఏమిటి?’ అని అడిగాడంటే ఆ గాలిమర పుణ్యమే.

కానీ వదిలేయండి అనడం దుర్మార్గం. కంపెనీ నిబంధనల ప్రకారమే 13 ఏళ్ల లోపు పిల్లలు ఖాతా తెరవకూడదు. ఆ లోకంలో చుట్టూ తిరిగేవాళ్లు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన అపరిచితులు, ఎవరైనా ఏదైనా రాయవచ్చు. పబ్లిక్ చాట్ ఆపేసే వీలుంది, ముందు ఆ పని చేయాలి.

సమయం సంగతి కూడా చెప్పాలి. ఒక విద్యలో 99వ స్థాయికి కావలసిన అనుభవం 1,30,34,431 పాయింట్లు. 92వ స్థాయికి 65,17,253. అంటే 92కు చేరినవాడు ఇంకా సగం దారిలోనే ఉన్నాడు! మామూలు చెట్టు ఒక దుంగకు ఇచ్చేది 25 పాయింట్లు. పదో తరగతి పరీక్షలున్న పిల్లవాడి ముందు పెట్టి ‘వదిలేయదగిన’ లెక్కేనా ఇది?

‘రోజుకు రెండు గంటలు ఆడితే నెలకు జీతమంత’

అసలు గాలం ఇదే, మిగతావన్నీ దానికి గుచ్చిన ఎర.

ఆటలోని బంగారాన్ని బయట డబ్బుకు అమ్మడం నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే ఖాతా శాశ్వతంగా పోతుంది. ఈ విషయంలో జాగెక్స్ ఎంత దూరం వెళ్లిందో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బంగారం అమ్మేవాళ్లు దొంగ క్రెడిట్ కార్డులతో సభ్యత్వాలు కొంటున్నారని 2007 చివర్లో వైల్డర్నెస్ పోరాటాలు ఆపేసి, 2008 జనవరిలో ఆటగాళ్ల మధ్య స్వేచ్ఛగా జరిగే ఇచ్చిపుచ్చుకోవడాలకు పరిమితి పెట్టింది. నిజాయతీగా ఆడేవాళ్లు కూడా నొచ్చుకుని ఆట మానేశారు. ఆటగాళ్ల ఓటింగ్ తర్వాత 2011 ఫిబ్రవరిలో గానీ పాత పద్ధతి తిరిగి రాలేదు. సొంత ఆటగాళ్లను పోగొట్టుకోవడానికి కూడా వెనుకాడని కంపెనీ, మన ఊరి కుర్రవాడి ఖాతాను చూసి కళ్లు మూసుకుంటుందా?

‘వెనెజువెలాలో వేలమంది ఇలాగే బతికారు’ అని మెసేజ్‌లో ఒక వాక్యం ఉంది. అక్కడ చాలామంది ఈ ఆట బంగారం అమ్ముకుని రోజులు గడిపిన మాట వాస్తవం. ఎందుకు గడిపారో మెసేజ్ చెప్పదు. వాళ్ల కరెన్సీ కుప్పకూలింది, నెల జీతం కొద్ది డాలర్లకు పడిపోయింది. అలాంటి చోట రోజుకు ఒకటి రెండు డాలర్లు కూడా పెద్ద మొత్తమే. ఆకలి తెచ్చిన పని అది. 2019 మార్చిలో అక్కడ దేశమంతా కరెంటు పోతే ఆ పనీ ఆగిపోయింది.

మన లెక్క వేద్దాం. దొంగ బజారులో పది లక్షల నాణేలకు ఒక డాలరు కూడా రాదు. గంటకు లక్ష అనుకుంటే పది గంటల చాకిరీకి వచ్చేది డాలరులో కొంత. 2025-26లో ఒడిశాలో ఉపాధి హామీ దినకూలి 273 రూపాయలు. కొత్తవాడు ఎంత ఆడినా ఆ కూలి దరిదాపులకు రాడు. రోజుకు రెండు గంటలకే జీతమట!

మరి మెసేజ్ రాసినవాడికి లాభమేమిటి? లింకు నొక్కి చూస్తే తెలుస్తుంది. అది ఆట దగ్గరికి వెళ్లదు. ‘సంపాదన ఖాతా’ తెరవడానికి రిజిస్ట్రేషన్ రుసుము, ఇంకో నలుగురిని చేర్పిస్తే కమిషన్, ఉన్న ఖాతా పాస్‌వర్డ్ అడిగే పెట్టె. ఆటతో ఆ పేజీకి సంబంధం లేదు.

ఆటలో దీని తమ్ముడొకడున్నాడు. గ్రాండ్ ఎక్స్ఛేంజ్ దగ్గర కాసేపు నిలబడండి. ఒక పాత్ర తల మీద పసుపు అక్షరాలు మెరుస్తుంటాయి: డబ్బు రెట్టింపు చేస్తాను. పక్కన ఇంకొకడు ‘నిజమే, నాకు ఇచ్చాడు’ అంటాడు. వెయ్యి ఇస్తే రెండు వేలు తిరిగి వస్తాయి. పది వేలిస్తే ఇరవై వేలు. మూడోసారి మీరు ఉన్నదంతా ఇస్తారు, అతను లాగౌట్ అయిపోతాడు. ఆ పక్కవాడు కూడా అతని మనిషే. చిట్‌ఫండ్ కంపెనీల దెబ్బ తిన్న జిల్లాలు మనవి. ఒడిశాలో, బెంగాల్లో ఆ మోసాల మీద సుప్రీంకోర్టు 2014లో సీబీఐ విచారణకు ఆదేశించాల్సి వచ్చింది. మొదట కొంత తిరిగి ఇచ్చి నమ్మకం కుదిర్చి, తర్వాత మూట కట్టుకుపోయే ఆ పద్ధతిని మన పెద్దవాళ్లు కళ్లారా చూశారు. వాళ్ల ఫోన్ల నుంచే ఈ మెసేజ్ ముందుకు పోవడం చూస్తే ఏమనాలో తోచదు.

‘త్వరలో నిషేధం, ఇప్పుడే చేరండి’

చట్టం వచ్చింది నిజమే. ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అది నిషేధించేది డబ్బు గెలుస్తామన్న ఆశతో రుసుమో పందెమో కట్టి ఆడే ఆటలను. వినోదం కోసం ఆడే ఆటలు, ఈ-స్పోర్ట్స్ వేరే కోవలోకి వస్తాయి. పందెం కానంతవరకు సభ్యత్వ రుసుము తీసుకోవడానికి కూడా ఆ చట్టం అడ్డు చెప్పదు. రూన్‌స్కేప్‌లో గేటు దాటడానికి కట్టే డబ్బు అలాంటిదే. వెనుకటికి ఆటలో డ్యూయల్ అరీనా అని ఉండేది, అక్కడ ఆటగాళ్లు నాణేలు ఒడ్డి పోట్లాడుకునేవారు. దాన్నీ జాగెక్స్ 2022లోనే ఎత్తేసింది.

తమాషా ఏమిటంటే, డబ్బు కట్టు, ఆడు, అంతకంటే ఎక్కువ తీసుకో అని పిలుస్తున్నది ఆట కాదు, ఆ మెసేజ్. చట్టానికి భయపడాల్సింది ఎవరో ఫార్వర్డ్ చేసే ముందు ఒకసారి ఆలోచించండి.

ఆడాలనుకుంటే ప్లే స్టోర్‌లో ఆట పేరు వెతికి, కింద ప్రచురణకర్త పేరు జాగెక్స్ అని ఉందో లేదో చూసి దించుకోండి. ఖాతా తెరవగానే రెండంచెల ధ్రువీకరణ, ఆట లోపల బ్యాంకుకు నాలుగంకెల పిన్ పెట్టుకోండి. తర్వాత లంబ్రిడ్జ్ కోటకు వెళ్లి వంటవాడితో మాట్లాడండి.