తాబేలు డిప్పకు నూనె వద్దు, ఎండ కావాలి
పెంపుడు తాబేళ్ల గురించి ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో, డిప్ప మెరవాలంటే వారానికోసారి కొబ్బరినూనె రాయమన్నారు. ఆ ఒక్క మాట మాత్రం దయచేసి ఎవరూ పాటించకండి. మా అనంతపురం ఇంట్లో ఆరేళ్లుగా రెడ్ ఇయర్డ్ స్లైడర్ (కళ్ల వెనక ఎర్ర చారలుండే నీటి తాబేలు) ఉంది. మొదటి ఏడాది నేనూ నూనె రాశాను. జిడ్డుకు మురికి పట్టి, అంచు దగ్గర డిప్ప మెత్తబడి, చెడు వాసన మొదలైంది. పశువుల డాక్టర్ చూసి షెల్ రాట్, అంటే డిప్ప కుళ్లే జబ్బు అన్నారు. నూనె మాన్పించి, రోజూ కొన్ని గంటలు పొడిగా ఉంచి, ఆయన ఇచ్చిన అయోడిన్ మందు రాయమన్నారు. జబ్బు నయమయ్యేసరికి రెండు నెలలు పట్టింది, పాపం ఆ మూగజీవి ఎంత బాధపడిందో! దానికి కావాల్సింది శుభ్రమైన నీళ్లు, ఒళ్లంతా ఆరేలా ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి, నేరుగా పడే ఎండ. కిటికీ అద్దం వెనక ఎండ సరిపోదు, ఎండలో ఉండే యూవీ-బీ అనే అతినీలలోహిత కిరణాలను అద్దం చాలావరకు ఆపేస్తుంది. అవి అందకపోతే విటమిన్ డి3 తయారవక, కాల్షియం ఒంటికి పట్టక డిప్ప మెత్తబడుతుంది. అయితే మన ఎండాకాలంలో పొద్దున పూటే, పక్కన నీడ ఉంచి, మనం దగ్గరుండి చూసుకోవాలి. 40 డిగ్రీల ఎండలో చిన్న తొట్టిలో నీళ్లు చూస్తుండగానే కాగిపోతాయి. ఇంకోటి, డిప్ప మీద పల్చటి పొరలు వాటంతటవే ఊడుతుంటాయి, గోటితో పీకకండి.