లైబ్రరీలో వారానికి రెండు పూటలు పెద్దవాళ్లకి ఇవ్వండి

నవంబర్ వస్తే చాలు, ఏ ఊళ్లో చూసినా నెట్ సెంటర్ల ముందు తెల్లజుట్టు క్యూలే. సెంట్రల్ గవర్నమెంట్‌లో చేసి రిటైరైనవాళ్లు ఏటా ఆ నెలలో బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇవ్వాలి, ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది. 2014 నవంబర్‌లో ఆ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్ర వేస్తే సరిపోతుందన్నారు, 2021 నుంచి అయితే వేలు కూడా అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఫోన్ ముందు మొహం పెడితే చాలన్నారు. నిజంగానే అంత తేలికైతే ఆ క్యూలు ఎందుకుంటాయి?

పోయిన నవంబర్‌లో మా విలేకరి ఒక చిన్న టౌన్‌లో చూసిన సంగతి చెప్తాం. రైల్వేలో రిటైరైన పెద్దాయన, సర్వీసులో ఉన్నప్పుడు వందల రైళ్లకి సిగ్నల్ ఇచ్చిన మనిషి, నెట్ సెంటర్‌లో ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చున్నాడు. మూడుసార్లు పెట్టినా వేలిముద్ర పడలేదు, వేళ్లు అరిగిపోయాయి. సరే మొహంతో చేద్దాం అన్నాడు సెంటర్ కుర్రాడు. దానికి ఒకటి కాదు రెండు యాప్‌లు వేసుకోవాలి. వేశాక కళ్లు ఆర్పమని స్క్రీన్ మీద ఇంగ్లీషులో వచ్చింది. అంతకుముందే ఎవరో అద్దాలు తీసెయ్యమంటే తీసేశాడు, అద్దాలు తీస్తే ఆయనకి స్క్రీనే కనపడదు. కుర్రాడు "తాతా కళ్లు ఆర్పు, ఆర్పు" అని అరుస్తుంటే ఆయన కళ్లు గట్టిగా మూసుకుని అలాగే ఉండిపోయాడు, ఫొటో స్టూడియోలో చిన్నపిల్లాడిలా. ఎలాగోలా అయిపోయింది, డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. తన ఫోన్‌లో ఆ కుర్రాడు ఏమేం నొక్కాడో ఆయనకి తెలీదు, వచ్చే నవంబర్‌కి మళ్లీ అదే స్టూల్.

పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి ఈ పని చేసిపెట్టే సదుపాయం కూడా ఉంది, మంచిదే, మంచం దిగలేనివాళ్లకి అది కావాల్సిందే. మేం అడిగేది మాత్రం మంచం దిగి బజారుకెళ్లి కూరగాయలు బేరమాడి తెచ్చుకునే లక్షలమంది సంగతి. వాళ్లకి చేసిపెట్టడం కాదు, నేర్పడం కావాలి. ఎవరు నేర్పారు? 2017లో కేంద్రం పీఎంజీదిశ అని పెట్టింది, 6 కోట్ల పల్లె కుటుంబాల్లో ఇంటికొకరికి కంప్యూటర్, ఫోన్ వాడకంలో 20 గంటల శిక్షణ అంది, 2024 మార్చితో అది ముగిసింది కూడా. అందులో చేరడానికి వయసు 14 నుంచి 60. అంటే 60 దాటితే సీటే లేదు! తిరుమలలో 65 దాటినవాళ్లకి ఇచ్చే దర్శనం టికెట్లేమో ఆన్‌లైన్‌లోనే పెడతారు, అవి ఎంతసేపుంటాయో అందరికీ తెలిసిందే, మనవడు చురుగ్గా ఉన్న తాతకి దొరుకుతాయి, మిగతా తాతలు గోవిందా.

ఇంట్లో పిల్లలున్నారుగా అంటారు. ఉన్నారు, "ఇటివ్వు నాన్నా నేను చేస్తా" అని ఫోన్ లాక్కుని రెండు సెకన్లలో చేసి ఇచ్చేస్తారు. డాలస్‌లో ఉన్న కొడుకు అదీ చేయలేడు, "పైన మూడు చుక్కలుంటాయి చూడు నాన్నా" అంటాడు, "ఏ చుక్కలురా, ఎక్కడ?" అని ఈయన, వీడియో కాల్‌లో ఉండగా చుక్కలు ఎలా కనపడతాయి అన్నది ఇద్దరికీ తట్టదు. ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. బ్యాంకు పని, గ్యాస్ బుకింగ్ అన్నీ ఆయనే చూసుకున్న ఇంట్లో ఆయన పోయాక ఆవిడ చేతిలో ఆ ఫోన్ తాళం చెవి లేని బీరువా.

క్లాసులు అసలు జరగట్లేదని అనం. కాలేజీ పిల్లలో ఏదో సేవా సంఘమో ఆదివారం పూట ఫంక్షన్ హాల్లో ప్రొజెక్టర్ పెట్టి మౌస్ అంటే ఇది, సీపీయూ అంటే ఇది అని చెప్తారు, బ్యానర్ ముందు ఫొటో, టిఫిన్, అయిపోయింది. ఇంటికెళ్లేసరికి సగం మర్చిపోతారు, వారం తిరిగేసరికి యాప్ అప్‌డేట్ అయి నేర్చుకున్న బటన్ ఇంకో చోటికి పోతుంది. అప్పుడు ఎవర్ని అడగాలి? అందుకే క్లాసు కన్నా ముందు ఒక చోటు కావాలి. ఫలానా రోజు, ఫలానా టైముకి తెరిచి ఉండే చోటు, ఎవరి ఫోన్ వాళ్లు తెచ్చుకుని, ఎవరి డౌటు వాళ్లు అడిగి, మర్చిపోతే మళ్లీ వచ్చి అదే డౌటు నాలుగోసారి అడిగినా విసుక్కోని మనిషి ఉండే చోటు.

వాళ్ల డౌట్లు కూడా పెద్దవేం కావు. అక్షరాలు పెద్దవి ఎలా చేయాలి? గుడ్ మార్నింగ్ మెసేజ్‌లతో ఫోన్ నిండిపోయింది ఎలా ఖాళీ చేయాలి? యూపీఐ పిన్ డబ్బు పంపడానికే గానీ మనకి రావడానికి అక్కర్లేదు అన్న ఒక్క ముక్క సరిగ్గా బుర్రకెక్కితే ఎంతమంది మోసపోకుండా ఉంటారో. పోలీసులమని చెప్పి డిజిటల్ అరెస్ట్ పేరుతో పెద్దవాళ్లని గంటల తరబడి వీడియో కాల్‌లో కూర్చోబెట్టి దోచేస్తుంటే 2024 అక్టోబర్‌లో సాక్షాత్తూ ప్రధానే మన్ కీ బాత్‌లో అలాంటి అరెస్ట్ చట్టంలోనే లేదని చెప్పాల్సొచ్చింది. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. కానీ చాలామంది చేయరు, పిల్లలు తిడతారని దాచుకుంటారు. "ఈ మెసేజ్ నిజమేనా బాబూ?" అని సిగ్గుపడకుండా అడగడానికి ఇంటి బయట ఒక మనిషి ఉంటే కథ అక్కడే ఆగిపోతుంది.

ఆ చోటు కొత్తగా కట్టక్కర్లేదు, ఊళ్లో లైబ్రరీ ఉంది. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు, ఆ పన్ను దశాబ్దాలుగా కట్టింది ఈ పెద్దవాళ్లే. వసూలైన సెస్సు లైబ్రరీలకి సరిగ్గా జమ కావట్లేదన్నది వేరే గొడవ, దాని గురించి ఇంకోరోజు రాస్తాం. అసలు మన గ్రంథాలయ ఉద్యమమే చదువు రాని పెద్దవాళ్లని వదిలెయ్యని ఉద్యమం. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా లైబ్రరీలు పెట్టించారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వయోజన విద్య కోసం జీవితాంతం తిరిగారు, కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని పల్లెలకి వెళ్లినవాళ్లున్నారు. పడవలో లైబ్రరీ నడిపిన నేల మీద వారానికి రెండు పూటలు ఒక బల్ల వేయలేమా?

వేస్తే మాత్రం ఒక రూల్ గట్టిగా పెట్టాలి, నేర్పేవాళ్లు ఫోన్ ముట్టుకోకూడదు. ఫోన్ పెద్దాయన చేతిలోనే ఉండాలి, నొక్కేది ఆయనే, పిన్ కొట్టేటప్పుడు పక్కవాళ్లు మొహం తిప్పుకోవాలి. లేటవుతుంది, అవ్వనివ్వండి. రాసుకోనివ్వండి కూడా. ఒక పెద్దావిడ పాత డైరీలో "ముందు ఆకుపచ్చ గుర్తు నొక్కాలి, తర్వాత బాణం" అని వంకర గీతలతో రాసుకున్న పేజీ ఒకటి మేం చూశాం, ఏ కంపెనీ ఇచ్చే గైడ్ కన్నా అదే బాగా పనికొస్తోంది ఆవిడకి.

నేర్పడానికి మనుషులెక్కడ అని జిల్లా గ్రంథాలయ సంస్థలు అడగొచ్చు, ఖాళీ పోస్టుల సంగతి మాకూ తెలుసు. రీడింగ్ హాల్లో గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుకునే పిల్లలు పొద్దున్నుంచి రాత్రిదాకా అక్కడే ఉంటారు, వాళ్లలో వంతులవారీగా ఇద్దరిని అడిగి, గంటకింత అని చేతిలో పెడితే వాళ్ల మెస్ ఖర్చుకీ ఆసరా. 80 దాటిన పెన్షనర్ల సర్టిఫికెట్లు అక్టోబర్ 1 నుంచే తీసుకుంటారు కాబట్టి సెప్టెంబర్‌లోనే మొదలెట్టాలి. అయితే హాల్లో వద్దు, వినపడక పెద్దవాళ్లు గట్టిగా మాట్లాడతారు, చదువుకునే పిల్లలకి ఇబ్బంది. వరండా చాలు. ఒక ప్లగ్ పాయింట్, ఒక ఫ్యాను, నాలుగు కుర్చీలు, స్టూళ్లు కాదు, వీపు ఆనుకునే కుర్చీలు.