పార్స్‌నిప్ దొరకు హన్మకొండ నుంచి ఉత్తరం

దొరా, దండాలు. పోయిన డిసెంబర్ల ఇంగ్లాండ్‌ల, లీడ్స్‌ల ఉన్న మా బిడ్డ ఇంట్ల నిన్ను ముల్లంగి అనుకొని పప్పుచారుల ఏసింది నేనే. తప్పు నీది గూడ ఉన్నది, అచ్చం మా ముల్లంగి లెక్కనే తెల్లగ, కిందికి సన్నగ ఫ్రిజ్‌ల పండుకొని ఉంటివి, నాకేం ఎరుక? చింతపులుసు పోసి పోపు పెట్టి దించిన, అల్లుడు రెండు ముద్దలు తిని "అత్తమ్మా, ఇండ్ల బెల్లం ఏసిండ్రా" అన్నడు. ముప్పై ఏండ్ల నా వంట పేరు గంగల కలిసింది.

అప్పుడు చెప్పింది బిడ్డ నీ సంగతి. నువ్వు క్యారెట్ పాలోనివట, మంచు పడే చలికి నీ లోపటి పిండంత చక్కెరైతదట, చక్కెర అగ్గువ కాకముందు యూరపోళ్లు తీపికి నిన్నే వాడేటోళ్లట. జర ముందుగాల చెప్తే ఏం పోతుండె!

మూడొద్దులకు అదే బిడ్డ నిన్ను నిలువున చీరి, నడుమ కట్టె లెక్కున్న గట్టిది తీసేసి, నూనె, మిరియాల పొడి రుద్ది ఓవెన్ల 200 డిగ్రీల మీద అరగంట పెట్టింది. కొసలు ఎర్రగ కరకర, లోపట వెన్న. నాలుగు ముక్కలు తిన్న, ఎవ్వలకు చెప్పలే.

ఇంటికొచ్చినంక మొదలైంది లొల్లి. భద్రకాళి చెరువు కట్ట మీద వాకింగ్‌కు పోతె మా దోస్తులందరికి నీ వీడియోలే, 100 గ్రాములకు 75 క్యాలరీలే అంట, 5 గ్రాముల దాక పీచు, 375 మిల్లీగ్రాముల పొటాషియం, విటమిన్ సి, ఫోలేట్, ఇగ నువ్వు లేకుంటె బతుకే లేదన్నట్టు. కంటికి మంచిదనే విటమిన్ ఎ మాత్రం క్యారెట్ పాలోనివైనా నీకు వాటాల రాలే, అది ఎవ్వలు చెప్పరు. నీ ఆకు రసం ఒంటికంటి ఎండ తగిలితె బొబ్బలు లేస్తయని గూడ చెప్పరు. మా మే నెల ఎండల నువ్వు పండకపోవుడే మా అదృష్టం, దొర అంటె దూరంగనే ఉండాలె.

కుమార్‌పల్లి మార్కెట్ల పార్స్‌నిప్ ఉన్నదా అని అడిగితె కూరగాయలామె "నిప్పా? కిరాణంల అగ్గిపెట్టె దొరుకుతది పో అక్కా" అని రెండు కిలోల కందగడ్డ (చిలగడదుంప) తూకమేసింది. పీచు నీకంటె జర తక్కువే గని శివరాత్రికి ఉడకబెట్టుకొని తింటం, ఎంత తియ్యగున్నా దాన్ని ఎవ్వలు బెల్లం అనుకోరు.

వచ్చే డిసెంబర్ల మల్ల లీడ్స్ పోతున్న. ఈసారి ఫ్రిజ్‌ల నీ మీద పేరు రాసిపెట్టుమన్న.

ఇట్లు,
పప్పుచారు ఖరాబైన అత్తమ్మ